పాత సొసైటీకి కొత్త లిఫ్ట్: గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లూ కట్టాలా?

మూడో అంతస్తు, చంద్రపూర్:
మాది లిఫ్ట్ లేని నాలుగంతస్తుల పాత బిల్డింగు. మా అత్తగారు కిందికి దిగడమే మానేశారు. ఎండాకాలం ఇక్కడ ఎలా ఉంటుందో మీకు తెలుసు. దాదాపు 30 కిలోల నిండు సిలిండర్ భుజాన వేసుకుని వచ్చే అబ్బాయిని చూస్తే జాలేస్తుంది. జనరల్ బాడీలో, అంటే సొసైటీ సభ్యులందరి మీటింగులో, లిఫ్ట్ మాట ఎత్తితే కింది వాళ్లు "మేం ఎక్కని దానికి మేమెందుకు కట్టాలి" అన్నారు. మీరేమంటారు?

గ్రౌండ్ ఫ్లోర్, బల్లార్షా:
మా దగ్గరా ఇదే గొడవ అక్కా. లిఫ్ట్ లేదనే కదా పై ఫ్లాట్లు తక్కువకు వచ్చాయి? మేం ఎక్కువ పోసి కింద కొనుక్కున్నాం. లిఫ్ట్ వస్తే మీ రేటు పెరుగుతుంది, మాది పెరగదు. పైగా షాఫ్ట్, అదే లిఫ్ట్ పైకీ కిందికీ తిరిగే నిలువు గూడు, లేచేది మా కిటికీ ముందే. వెలుతురు పోగొట్టుకుని డబ్బులు కూడా మేమే ఇవ్వాలా?

మూడో అంతస్తు, చంద్రపూర్:
టెర్రస్ కారినప్పుడు కింది వాళ్లూ కట్టారుగా. వాళ్లింట్లో చుక్క పడలేదు.

గ్రౌండ్ ఫ్లోర్, బల్లార్షా:
టెర్రస్ వదిలేస్తే బిల్డింగే పాడవుతుంది. లిఫ్ట్ లేకపోతే ఏమీ కూలిపోదు.

మాజీ సెక్రటరీ, నాందేడ్:
రెండు ఖర్చులు కలిపేస్తున్నారు. మహారాష్ట్ర హౌసింగ్ సొసైటీల మోడల్ బైలాస్ (నమూనా నియమావళి) ప్రకారం లిఫ్ట్ నడిపే ఖర్చు, రిపేరు ఆ బిల్డింగు సభ్యులందరికీ సమానం, వాడినా వాడకపోయినా. కొత్తగా బిగించే ఖర్చు వేరు, అది మీరు మీరు కూర్చుని తేల్చుకోవాలి. చైనాలో పాత బిల్డింగులకు లిఫ్టులు పెడుతున్న చోట పైకి వెళ్లేకొద్దీ వాటా పెరుగుతుంది, అట్టడుగు వాళ్లకు చాలాసార్లు ఏమీ ఉండదు. నాకదే న్యాయం అనిపిస్తుంది. సమానం సమానం అని పట్టుబడితే మీటింగులే మిగులుతాయి.

అద్దె ఇల్లు, నాందేడ్:
ఓనర్లు ఎలా తేల్చుకున్నా అద్దె పెరిగేది మాకే.

లిఫ్ట్ మెకానిక్, చంద్రపూర్:
డబ్బుకంటే ముందు మెట్లు చూడండి. పాత బిల్డింగుల్లో లోపల చోటుండదు, బయటి గోడకు ఆనించి షాఫ్ట్ లేపుతారు. చాలాసార్లు తలుపు తెరుచుకునేది మెట్లు మలుపు తిరిగే ల్యాండింగులో. అంటే లిఫ్ట్ దిగాక కూడా సగం వరస మెట్లు మిగులుతాయి. అత్తగారి కోసమే అయితే అది దండగ ఖర్చు. ఇంటి గుమ్మం దగ్గరే ఆగాలంటే బాల్కనీల వైపు నుంచి తీసుకోవాలి, ఖర్చు పెరుగుతుంది. లిఫ్ట్ ఇన్‌స్పెక్టర్ అనుమతి లేకుండా బిగించకూడదు, లైసెన్సు లేకుండా నడపకూడదు. కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే బ్యాటరీ పరికరం ఉంటుంది, కొటేషన్‌లో అది ఉందో లేదో చూసుకోండి.

గ్రౌండ్ ఫ్లోర్, బల్లార్షా:
షాఫ్ట్ వెనక్కి జరిపితే నెలనెలా వాటా కడతాను. బిగింపు మాత్రం పై వాళ్లదే.

మూడో అంతస్తు, చంద్రపూర్:
మాకు బాల్కనీలు వెనక వైపే ఉన్నాయి. మెకానిక్ అన్నా, బిల్డింగు ప్లాను ఫోటో పెడతాను, అటు నుంచి కుదురుతుందేమో చెప్పండి.