ఆదివారం దివ్యబలిపూజ ప్రత్యక్ష ప్రసారం: కొనసాగించాలా, ఆపివేయాలా?

విచారణ సభ్యురాలు
2020 మార్చిలో గుడి తలుపులు మూసినప్పుడు మా విచారణలో, అంటే మా కతోలిక పారిష్‌లో, మొదలైన దివ్యబలిపూజ (మాస్) యూట్యూబ్ ప్రత్యక్ష ప్రసారం నేటికీ ప్రతి ఆదివారం సాగుతోంది. వచ్చే నెల విచారణ సలహా మండలి ముందుకు రెండు ప్రతిపాదనలు రానున్నాయి. ప్రసారాన్ని పూర్తిగా ఆపివేయాలని కొందరు, కొత్త కెమెరాలు కొని సువార్తీకరణ కోసం దానిని విస్తరించాలని మరికొందరు కోరుతున్నారు. మండలిలో నాకూ ఒక ఓటు ఉంది, కానీ నేనింకా ఏ నిర్ణయానికీ రాలేదు. మీ మీ విచారణల అనుభవాన్ని దయచేసి తెలుపగలరు.

ఉపదేశి బిడ్డ
ఆపివేయాలన్నదే నా అభిప్రాయం. ప్రపంచ కతోలిక పీఠాధిపతులు (బిషప్‌లు) సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న, ఒకే రోజున, రెండు పత్రాలను వెలువరించింది. సామాజిక సమాచార సాధనాలను గురించిన ‘ఇంతెర్ మిరిఫికా’ వాటిని సువార్త సేవకు వినియోగించమని చెప్పగా, దైవార్చనను గురించిన ‘సాక్రొసాంక్తుమ్ కొన్సీలియుమ్’ విశ్వాసులు పూజలో పరాయివారిలా, మౌన ప్రేక్షకుల్లా ఉండరాదని చెప్పింది. మనం మొదటి పత్రాన్ని గట్టిగా పట్టుకొని, అదే రోజు వచ్చిన రెండవదానిని వదిలివేశాము. మా వీధిలో గుడికి పది నిమిషాల నడక దూరంలో ఉండి, ఆరోగ్యంగా తిరుగుతున్నవారు సైతం మంచం మీద కూర్చొని ‘ఈ రోజు పూజ చూశాం’ అంటున్నారు. పూజ చూసేది కాదు, పాల్గొనేది. తెరల ద్వారా సాగే ఈ ఏర్పాటు కష్టకాలమనే సొరంగం నుంచి బయటపడటానికే గాని అందులోనే ఉండిపోవడానికి కాదని పోప్ ఫ్రాన్సిస్ 2020 ఏప్రిల్ 17న తన ఉదయపు పూజలోనే హెచ్చరించారు. మనం ఆ సొరంగంలో ఇల్లు కట్టుకున్నాము.

జపమాల
‘పూజ చూశాం’ అన్న మాట యూట్యూబ్ తెచ్చినది కాదు. లతీను పూజల కాలంలో మా నాయనమ్మ గుడిలో కూర్చొని జపమాల చెప్పుకొని, ఇంటికి వచ్చి ‘పూజ చూసి వచ్చాను’ అనేవారు. ఆమె విశ్వాసం మన విశ్వాసానికేమీ తీసిపోదు.

ఉపదేశి బిడ్డ
అమ్మా, మీ నాయనమ్మగారు గుడిలో ఉన్నారు, ముఖ్యమైన విషయం అదే. సరిగ్గా ఆ అలవాటును సరిదిద్దడానికే మహాసభ పూజను మాతృభాషలోకి తెచ్చి, మనచేత సమాధానాలు పలికించింది. అరవై ఏళ్ల తరువాత మనం మళ్లీ ‘చూడటం’ దగ్గరకే వచ్చాము, పైగా ఈసారి గుడి కూడా లేదు. 2023 మే 28న సామాజిక మాధ్యమాలపై వాటికన్ వెలువరించిన పత్రం కూడా తెర ద్వారా భోజనాన్ని పంచుకోలేమని స్పష్టంగా చెప్పింది.

కోనసీమ ఆడపడుచు
అన్నగారూ, నేను సౌదీ అరేబియాలో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. ఈ దేశంలో ఒక్క చర్చి కూడా లేదు. ఆదివారం నాకు సెలవు కాదు. మా ఊరి గుడిలో ఉదయం 6.30 గంటల పూజ మొదలైనప్పుడు నాకు తెల్లవారుజామున 4 గంటలవుతుంది. ఇంటివారు లేవకముందు, వంటగదిలో, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని, ఫోను కాంతి బయటకు కనపడకుండా తల మీద చున్నీ కప్పుకొని ఆ పూజను చూస్తాను. అవును, చూస్తాను, ఆ మాటే వాడుతున్నాను. పూజలో క్రీస్తు శరీరంగా అందుకొనే అప్పం, దివ్యసత్ప్రసాదం, నా నాలుక మీదికి రాదని నాకు తెలుసు. ఆ సమయంలో దానిని మనసులోనే స్వీకరిస్తూ నేను చెప్పుకొనే ఆధ్యాత్మిక స్వీకార ప్రార్థనను మాత్రం ప్రేక్షకత్వం అనకండి.

ఉపదేశి బిడ్డ
చెల్లెమ్మా, నా మాట మీకు వర్తించదు. దైవార్చన నిర్వహించే గురువు లేకపోవడం వల్ల గాని, మరొక గంభీర కారణం వల్ల గాని పూజలో పాల్గొనడం అసాధ్యమైనప్పుడు వ్యక్తిగతంగానైనా, కుటుంబంతోనైనా ప్రార్థనలో గడపమని 1983 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టంలోని 1248వ నిబంధన చెబుతోంది. మీరు చేస్తున్నది అదే. నేను మాట్లాడుతున్నది గుడి పక్కన ఉండి రానివారి గురించి.

కొత్త కలం
ప్రసారం ఉండాలా వద్దా అన్న ప్రశ్నకు, సువార్తీకరణకు సంబంధం ఎక్కడుందో నాకు అర్థం కావడం లేదు. ఆది శ్రీసభలో జ్ఞానస్నానానికి సిద్ధపడుతున్నవారిని సైతం వాక్య ప్రార్థన ముగియగానే బయటకు పంపి, ఆ తరువాతనే బలిపూజ జరిపేవారు. అంటే క్రీస్తును ఎరుగనివారికి మొదట చూపించేది పూజ కాదు. ఒకే కెమెరాతో, సరిగ్గా వినపడని మైకుతో, గంటన్నర పూజను అలాగే ఇంటర్నెట్‌లో పెట్టి దానికి సువార్తీకరణ అని పేరు పెట్టడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. సందేశాన్ని వ్యాపింపజేయడానికి మాధ్యమాలను వాడితే సరిపోదని, ఆ మాధ్యమాలు సృష్టించిన కొత్త సంస్కృతిలోకే సందేశాన్ని చేర్చాలని పోప్ రెండవ జాన్ పాల్ 1990లో ‘రెదెంప్తోరిస్ మిస్సియో’ అనే విశ్వలేఖలో రాశారు. 2025 సెప్టెంబరు 7న పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటితుడైన కార్లో అకూతిస్ 15 ఏళ్లకే మరణించిన బాలుడు. అతడు పూజను ప్రసారం చేయలేదు, తాను స్వయంగా పూజకు వెళ్లి, దివ్యసత్ప్రసాద అద్భుతాలను వివరించే వెబ్‌సైటును తయారు చేశాడు. మనకు కావలసినది అటువంటి పని.

నేను అలాంటి పనికే పూనుకొన్నాను. రెండు మూడు నిమిషాల తెలుగు వీడియోలలో జ్ఞానోపదేశాన్ని వివరించేవాడిని. పాపసంకీర్తనంపై చేసిన వీడియోను చూసి, మనిషి ముందు పాపాలు ఎందుకు చెప్పుకోవాలని నా హిందూ స్నేహితుడు ఒకడు ఫోను చేసి అడిగాడు. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాము. ఆ తరువాతి వారమే, అనుమతి లేదు కాబట్టి ఆ వీడియోలన్నీ తొలగించమని నాకు కబురు వచ్చింది. అందులో తప్పేముందో ఎవరూ చెప్పలేదు.

ఉపదేశి బిడ్డ
అనుమతి అడగడంలో అవమానమేముంది? విశ్వాసానికి హాని కలగకుండా రచనలను, సమాచార సాధనాల వాడుకను కనిపెట్టి ఉండవలసిన బాధ్యత కాపరులదని అదే శ్రీసభ చట్టంలోని 823వ నిబంధన చెబుతోంది. మా నాన్నగారు ముప్పై ఏళ్లు పల్నాటి పల్లెల్లో ఉపదేశిగా తిరిగారు. ఆయన జ్ఞానోపదేశం నేర్చుకొని, పరీక్షకు నిలబడి, ఫాదర్ గారు పంపితేనే ఊళ్లకు వెళ్లారు. ఫోను చేతిలో ఉన్నంత మాత్రాన ప్రతివారూ బోధకులైపోతే, మనకూ వీధికొక సంఘం పెట్టుకున్నవారికీ తేడా ఏముంటుంది?

కొత్త కలం
ఈ మాట నన్ను బాధించింది. రక్షణ సందేశం మానవులందరికీ చేరేలా కృషి చేయడం విశ్వాసులందరి కర్తవ్యమూ హక్కూ అని 211వ నిబంధన చెబుతోంది. అది నాకు ఫోను ఇచ్చిన హక్కు కాదు, జ్ఞానస్నానం ఇచ్చిన హక్కు. మా తరగతిలోని కతోలిక పిల్లలు ఇతర సంఘాల బోధకుల వీడియోలు చూసి, మరియమాతకు ప్రార్థించడం విగ్రహారాధనేమోనన్న అనుమానంతో వస్తున్నారు. వారికి సమాధానం చెప్పే తెలుగు వీడియో ఒక్కటి కావాలంటే వెతుక్కోవలసి వస్తోంది. మీరు కాపలా కాస్తామంటున్న తలుపు వెనుక ఎవరూ మిగలడం లేదు, అన్నగారూ. మీ నాన్నగారి నడకను గౌరవిస్తాను, కానీ దానిని చూపి నా నోరు మూయించడం న్యాయం కాదు.

ఉపదేశి బిడ్డ
మా నాన్నగారి పేరు మీరు ఎత్తకండి.

నిర్వాహకులు
సభ్యులు ఒకరి కుటుంబాన్ని గురించి మరొకరు వ్యాఖ్యానించవద్దని, ప్రశ్నకే పరిమితం కావాలని మనవి.

పేరు వద్దు
కొత్త కెమెరాల గురించి ఎవరూ ప్రస్తావించని ఒక విషయం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు వర్తిస్తుంది, క్రైస్తవులకు వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన దళితులను వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ వర్గంగా లెక్కిస్తారు. మా గుడికి వచ్చేవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారే. కెమెరా పూజ జరిగే పీఠం పక్కనుంచి జనం వైపు తిరిగిన రోజు మొదలు, దివ్యసత్ప్రసాద స్వీకారానికి వరుసలో నిలబడటానికి కొందరు జంకుతున్నారు. క్రైస్తవులని తేలితే షెడ్యూల్డు కులాల హోదా పోతుంది కాబట్టి, ఆ వీడియో రేపు ఎవరి చేతిలో, ఆ హోదాతో వచ్చిన ఎవరి ఉద్యోగానికి ఎదురుగా నిలుస్తుందోనన్నది వారి భయం. సువార్తను లోకానికి చూపించే తొందరలో, గుడిలోనే ఉన్నవారిని బయటి వరండాలోకి నెడుతున్నాము. పీఠం, గురువు, వాక్యం తప్ప ఇంకేమీ కనబడకుండా కెమెరాను బిగించమని కోరుతున్నాను.

జపమాల
ఇది మండలి ముందు మొదట చెప్పవలసిన మాట.

ఉపదేశి బిడ్డ
పైన నేను కటువుగా రాశాను. దాని వెనుక ఉన్నది చెప్పకుండా చర్చ సాగించడం సరికాదు. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. మొదట్లో నెలకొకసారి, మొదటి శుక్రవారం, మా విచారణ నుంచి ఎవరో ఒకరు దివ్యసత్ప్రసాదం తెచ్చి ఇచ్చేవారు. మా విచారణలో ప్రసారం మొదలయ్యాక అది ఆగిపోయింది. నేను వెళ్లి అడిగితే, వాట్సాప్ గ్రూపులో లింకు పెడుతున్నాము కదా, పెద్దాయనకు చూపించండి అని సమాధానం వచ్చింది. ఎండలో, వానలో నడిచి ఎన్నో ఇళ్లలో జపమాల చెప్పించిన మనిషికి చివరి రోజుల్లో అందినది ఒక లింకు. ఆయన తెర వైపు చూసి, సత్ప్రసాద సమయంలో నోరు తెరిచి ఎదురుచూస్తారు. నేనేమీ పెట్టలేక పక్కన కూర్చుంటాను. కాబట్టి కొత్త మాధ్యమాలు సువార్తను మోస్తాయని ఎవరైనా చెప్పినప్పుడు, అవి మనుషుల కాళ్లను ఆపేస్తాయన్నదే నాకు ముందుగా కనబడుతుంది.

కొత్త కలం
నన్ను క్షమించండి. నేను ఇంతసేపూ మాట్లాడే హక్కు గురించి వాదిస్తున్నాననుకున్నాను, మీరు మాత్రం రాని మనిషి గురించి మాట్లాడుతున్నారు. మీది ఏ విచారణో నిర్వాహకుల ద్వారా నాకు తెలియజేయండి. మా మేత్రాసనంలోనిదే, అంటే మా బిషప్‌గారి పరిధిలోనిదే, అయితే, దివ్యసత్ప్రసాదాన్ని తీసుకెళ్లే అనుమతి పొందిన కన్యస్త్రీలు మా దగ్గర ఉన్నారు, నేనే వెంట వస్తాను. అయినా ఒక మాట దాచుకోలేను. ఆ ఇంటికి రానిది కెమెరా కాదు, మనిషే. కెమెరా లేని రోజుల్లోనూ రానివారు ఉండేవారు.

ఉపదేశి బిడ్డ
రానివారికి కెమెరా ఒక సాకు ఇచ్చిందన్నదే నా మాట. దానిని వెనక్కి తీసుకోను. మీ ఆహ్వానాన్ని మాత్రం కృతజ్ఞతతో స్వీకరిస్తున్నాను. మీ వీడియోలు మాత్రం అనుమతి తీసుకొన్నాకే పెట్టండి. అడిగినా ఇవ్వకపోతే ఆ విషయం ఇక్కడ రాయండి, అప్పుడు మీ పక్షాన నేనూ సంతకం చేస్తాను.

విచారణ సభ్యురాలు
ఈ ప్రశ్న అడిగినప్పుడు ఖర్చు, సౌకర్యం మాత్రమే నా మనసులో ఉన్నాయి. ప్రసారం కొనసాగించాలని, కెమెరాను పీఠం వైపే బిగించాలని, కొత్త కెమెరాల కోసం అనుకున్న డబ్బుతో మంచం పట్టినవారి జాబితా సిద్ధం చేసి, వారి ఇళ్లకు వెళ్లేవారి ప్రయాణ ఖర్చులు భరించాలని మండలిలో ప్రతిపాదిస్తాను. రోగులున్న ఇంటికి లింకు పంపడంతో సరిపెట్టకూడదన్న మాటను తీర్మానంలోనే చేర్చమంటాను. యువత వీడియోలకు అనుమతి విషయం మా మండలి పరిధిలోనిది కాదు. పీఠాధిపతులకు ఒక వినతిపత్రం రాస్తే మొదటి సంతకం నాదే.

కోనసీమ ఆడపడుచు
అమ్మా, మీ విచారణ ఏదో నాకు తెలియదు, నేను చూసేది మా ఊరి పూజ. అయినా మీ తీర్మానంలో ఒక చిన్న మాట చేర్చగలరేమో చూడండి. మా గుడిలో ప్రసారం ఒక్కోసారి ముందస్తుగా చెప్పకుండా 6.30 నుంచి 7 గంటలకు మారుతుంది. ఆ అరగంటలో ఇక్కడ ఇంటివారు నిద్ర లేస్తారు, నేను సువార్త పఠనం దగ్గరే ఫోను ఆపేయవలసి వస్తుంది.