అడవి అంచున మామిడి తోట: ఈ ఎండాకాలం మంటలు రాకుండా ఏం చేయాలి?

మాది అచ్చంపేట వైపు, నల్లమల అంచున చిన్న మామిడి తోట. కంచె అవతలంతా అడవే. ఫిబ్రవరి దాటితే బోదగడ్డి మోకాలెత్తున ఎండిపోయి ఉంటుంది. తునికాకు చిగురు కోసమో, ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద శుభ్రం చేద్దామనో కొందరు నిప్పు పెడతారు. బీడీ ముక్కలు పారేసేవాళ్లు సరేసరి. పోయిన ఏడాది మంట కంచె దాకా వచ్చింది. పచ్చి వేపకొమ్మలతో కొట్టి ఆర్పాం గానీ, అంచు వరుసలో చెట్ల ఆకులు సెగకే మాడిపోయాయి, పిందె రాలిపోయింది.

ఈసారి కంచె వెంబడి ట్రాక్టర్‌తో దున్ని, గడ్డి లేకుండా ఖాళీ పట్టీ వదలాలనుకుంటున్నా. ఎంత వెడల్పుంటే మంట దాటదు? గాలి తోలితే నిప్పురవ్వలు ఎగిరొస్తాయి కదా, అదే టెన్షన్. రాలిన ఆకును చెట్ల మొదట్లో మల్చింగ్‌గా ఉంచితే ప్రమాదమా, గుంతలో వేసి కుళ్లబెట్టడమే మేలా? ఫారెస్టువాళ్లు ఆకులు ఊదడానికి వాడే బ్లోయర్ నాలాంటి చిన్న రైతుకు గిట్టుబాటవుతుందా?

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాలో నంబర్ నమోదు చేసుకుంటే శాటిలైట్ హెచ్చరికలు ఫోన్‌కే వస్తాయి. వాడినవాళ్లుంటే, మంట లేచాక ఎంతసేపటికి మెసేజ్ వస్తుందో చెప్పండి. ఇంకోటి, కంచె అవతలి గడ్డి మనం కోయాలంటే బీట్ ఆఫీసర్‌ను నోటిమాటగా అడిగితే చాలా, రేంజ్ ఆఫీసులో కాగితం ఇవ్వాలా?