పదివేలలో ఆఫీసు సైకిల్: గేర్లుండాలా, అక్కర్లేదా?

కొత్తబెంగళూరోడు: ఉండేది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పీజీలో, ఆఫీసు కాడుబీసనహళ్ళిలో. అగర, ఇబ్బలూరు, బెళ్ళందూరు మీదుగా పోవాలి. రింగ్ రోడ్డు మీద నా బస్సు ఆగి ఉంటే సైకిళ్ళు పక్కనుంచి దాటిపోతున్నాయి. పదివేలు మించి పెట్టలేను. షాపాయనేమో ముందు చక్రానికి షాక్ అబ్జార్బర్లు, రెండు డిస్క్ బ్రేకులు, 21 గేర్లు ఉన్నది 9,500కి ఇస్తానంటున్నాడు. తీసేసుకోనా?

మారతహళ్ళిమామ: వద్దు తమ్ముడూ. ఆ రేటుకి అన్నీ ఇస్తున్నాడంటే అన్నిట్లోనూ నాసిరకమే. ఆ షాకులు బరువు చేటు. లేచి తొక్కావంటే నీ బలం స్ప్రింగు తినేస్తుంది. గేర్లు లేని ఇనప సైకిల్ కొనుక్కో. మడ్‌గార్డులు, క్యారియర్, స్టాండు దాంతోపాటే వస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది, పాత రేటు చెప్తే ఒప్పుకోకు.

నెల్లూరోడు: షాకులు దండగే, ఒప్పుకుంటా. ఆ ధరలో డిస్కులూ అంతే, రేకు కొంచెం వంగితే దారి పొడుగునా గీకుతూనే ఉంటుంది. చక్రం అంచుని రబ్బరుతో పట్టే మామూలు వి-బ్రేకులు చాలు. కానీ గేర్లు మాత్రం ఉండాలి. గేర్లు లేకుండా అగర ఫ్లైఓవర్ ఎక్కి చూపించండి మామా, అప్పుడు మాట్లాడదాం.

రాత్రిషిఫ్టు: లైట్లు, తాళం, హెల్మెట్ డబ్బులు ముందే పక్కన పెట్టుకోండి. అన్నీ సైకిల్ మీదే పోయకండి.

మారతహళ్ళిమామ: ఫ్లైఓవర్ ఎక్కమని ఎవరన్నారు? కింద సర్వీసు రోడ్డు ఉందిగా.

నెల్లూరోడు: ఏ సర్వీసు రోడ్డు? మెట్రో పనులకి ఎక్కడికక్కడ తవ్వేసి ఉంటే! 2020లో సిల్క్ బోర్డు నుంచి లౌరీ జంక్షన్ దాకా 17 కిలోమీటర్లు సైకిల్ లేన్ అన్నారు, ప్లాస్టిక్ స్తంభాలు పాతారు. బైకులోళ్ళు అందులోకే దూరారు. అందుకే నేను ఫ్లైఓవరే ఎక్కుతా. ఎక్కాలంటే గేర్లు కావాలి.

మారతహళ్ళిమామ: మావాడికి గేర్ల సైకిల్ కొనిచ్చా. అపార్ట్‌మెంటు సెల్లార్లో ఎవరో కారు రివర్స్ చేస్తూ పడేశారు. వెనక గేరు తగిలించే చిన్న రేకు వంగింది, అంతే. గేరు మారిస్తే చైను చువ్వల్లోకి పోతోంది. కొన్న షాపువాడు పార్టు రావాలి, పార్టు రావాలి అంటూ తిప్పుకున్నాడు. వీధి చివర పంచరాయన ‘గేర్ల జోలికి నేను పోను సార్’ అనేశాడు. ఎత్తు కష్టమైతే వెనక చైను తిరిగే 18 పళ్ళ చక్రం, అదే ఫ్రీవీల్, తీయించి 20దో 22దో వేయించుకుంటే సరి. చైనుకి రెండు లింకులు కలపాల్సి రావచ్చు. స్పీడు కాస్త తగ్గుతుంది, ఆ ట్రాఫిక్‌లో స్పీడుతో పనేముంది?

నెల్లూరోడు: మీవాడి సైకిల్ మీద కారు పడితే తప్పు గేర్లదా?

అనంతపురం_పిల్ల: ఇద్దరూ ఫ్లైఓవర్ దిగరా? అసలు ఆయన ఆఫీసులో సైకిల్ ఎక్కడ పెట్టాలో అడిగారా? మా టెక్ పార్కులో గేటు దగ్గరే ఆపేశారు నన్ను.

నెల్లూరోడు: పాత రకం సైకిలేసుకుని పోయుంటారు. నా దానికి గేర్లు, నెత్తిన హెల్మెట్, మెడలో ఐడీ కార్డు. సెల్యూట్ కొట్టి లోపలికి పంపిస్తారు.

మారతహళ్ళిమామ: అదీ సంగతి. పొద్దుటి నుంచి ఫ్లైఓవరు అంటూ కథలు చెప్పావు. గేటు దగ్గర మర్యాద కోసం కొన్నావన్నమాట.

నెల్లూరోడు: మర్యాదగా మాట్లాడండి. నా డబ్బు, నా ఇష్టం.

మారతహళ్ళిమామ: ఆ గేటు దగ్గర డ్యూటీ చేసేది నేనే నాయనా. టెక్ పార్కులో సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. నీకు సెల్యూట్ కొట్టే మా కుర్రాళ్ళు, హౌస్ కీపింగ్ ఆడవాళ్ళు సైకిళ్ళ మీదే వస్తారు. వాళ్ళవి లోపల పెట్టనివ్వరు. బయట డ్రైనేజీ పక్కన కంచెకి గొలుసేసి పెట్టుకోవాలి. వర్షానికి చైన్లు తుప్పు పడతాయి, సీట్లు పీక్కుపోతారు. లోపల కప్పు కింద స్టాండులో నీలాంటి వాళ్ళవి నాలుగుంటాయి, మిగతాదంతా ఖాళీ. ఎవరిది పంపాలో ఎవరిది ఆపాలో మేం పెట్టిన రూలు కాదు, పైనుంచి కాగితం వచ్చింది. ఇనప సైకిల్ కొనమంటున్నది ఎందుకనుకున్నావు? ఎండకీ వానకీ బయట పడున్నా అది బతుకుతుంది.

రాత్రిషిఫ్టు: మామా, ఇది మొదటే చెప్పుంటే సగం గొడవ ఉండేది కాదు.

నెల్లూరోడు: ఆ కాగితం సంగతి నాకు తెలీదు. మా అడ్మిన్‌ని అడుగుతా. గేర్ల విషయంలో మాత్రం నా మాట నాదే.

కొత్తబెంగళూరోడు: అన్నా, నేను కాంట్రాక్టు మీద ఉన్నా. నా ఐడీ కార్డు తాడు రంగే వేరు. నా సైకిల్ లోపలికి రానిస్తారా?

మారతహళ్ళిమామ: మా దగ్గరైతే రానివ్వరు. మీ దగ్గర ఎలాగో కొనకముందే కనుక్కో. నోటిమాట కాదు, మెయిల్లో రాయించుకో.

అనంతపురం_పిల్ల: నా సైకిల్ అమ్మేస్తున్నా, గేర్లు లేనిదే. ఐదున్నర అడుగుల లోపు వాళ్ళకైతే సీటు సరిపోతుంది. ఆదివారం వచ్చి తొక్కి చూసుకోండి.