ఆవకాయ జాడీ లోపల మ్యాట్ గ్రీన్ గ్లేజ్ (మెరుపులేని ఆకుపచ్చ గాజు పూత) వెయ్యొచ్చా? (బెంగళూరు వాళ్ళు కాస్త చెప్పండి)

మల్లేశ్వరం_మట్టిచేతులు:
అమ్మ కోసం స్టోన్‌వేర్ మట్టితో మూడు కేజీల జాడీ చేశానండీ, బిస్క్ (గ్లేజ్ వెయ్యకముందు చేసే మొదటి కాల్పు) అయిపోయింది. మేం కాల్చేది ఎలక్ట్రిక్ కిల్న్‌లో, కోన్ 6, అంటే 1220 డిగ్రీలు అటూఇటూగా. లోపలా బయటా మ్యాట్ ఆకుపచ్చే వెయ్యాలని నా కోరిక, కానీ అందులో రంగు కోసం వేసే కాపర్ కార్బోనేట్ 5 శాతం ఉంది, క్లాసులో సగం మంది వద్దంటున్నారు. మేలో అమ్మ కాయలు కొట్టించేస్తుంది, ఈలోపు తేల్చుకోవాలి.

ఆవం_సెగ:
లోపల మాత్రం వద్దమ్మా. పప్పు పోసుకుని పూటకి కడిగేసే గిన్నె కాదు కదా, పులుపూ ఉప్పూ ఏడాదంతా అందులోనే ఊరుతుంటాయి. గ్లేజ్ అంటే గాజే, సిలికా సరిపడా ఉండి బాగా కరిగితేనే రంగుని పట్టుకుంటుంది, మ్యాట్‌లు చాలావాటిలో సిలికా తక్కువ, దాని మీద కాపర్ ఎక్కువైతే పులుపుకి దిగొచ్చేస్తుంది. మన అమ్మమ్మల జాడీలు, పైన గోధుమరంగు కింద తెలుపు, లోపల చెయ్యి పెడితే ఎంత నున్నగా ఉంటాయి!

కోన్_టెన్:
నేనొప్పుకోను అన్నా. సరిగ్గా కరక్క గరుగ్గా మిగిలిపోయిన మ్యాట్ వేరు, పూర్తిగా కరిగి, నిదానంగా చల్లారేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం స్ఫటికాలు కట్టి మ్యాట్ అయ్యేది వేరు. రెండోది గట్టిదే, రెండిట్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? అదే గ్లేజ్ వేసి కాల్చిన టెస్ట్ టైల్ (చిన్న మట్టి బిళ్ళ) మీద నిమ్మచెక్క బోర్లించి ఒక రోజు వదిలెయ్యండి, తెలిసిపోతుంది.

ఆవం_సెగ:
నిమ్మచెక్కకి రంగు పోతే ఆ గ్లేజ్ పనికిరాదని తేలినట్టే, పోకపోతే మాత్రం మంచిదని తేలినట్టు కాదు తమ్ముడూ, కంటికి కనపడనంత కాపర్ దిగినా దిగినట్టే. ల్యాబ్‌లో లీచింగ్ టెస్ట్ (గ్లేజ్ లోంచి ఎంత దిగుతోందో కొలిచేది) చేయించకుండా ఇంట్లోవాళ్ళకి నేనైతే పెట్టను.

హెబ్బాళ_అక్క:
రంగు సంగతి సరే, మట్టి ఎంత పీలుస్తుందో చూశారా? అదే మట్టితో కాల్చిన గ్లేజ్ లేని ముక్కని తూచి, నీళ్ళలో బాగా మరిగించి, తుడిచి మళ్ళీ తూచండి. బరువు బాగా పెరిగితే ఆ మట్టి కోన్ 6కి సరిగ్గా కాలట్లేదని, అలాంటి జాడీలో గ్లేజ్‌కి సన్న పగుళ్ళు పడ్డాయంటే నూనె అడుక్కి దిగి గట్టు మీద మరకే. నాకు ఒక జాడీ అలాగే పోయింది, రెండేళ్ళయినా ఆ వాసన వదల్లేదు. పగుళ్ళొస్తే గ్లేజ్‌లో సిలికా కొంచెం పెంచి చూడండి, చాలాసార్లు తగ్గుతాయి.

మల్లేశ్వరం_మట్టిచేతులు:
టైల్ మీద నిమ్మచెక్క ఒక రోజు పెట్టా, గుండ్రంగా తెల్లబారిపోయింది. మట్టి ముక్క 100 గ్రాములది 101 అయింది, అది నయం. లోపల ట్రాన్స్‌పరెంటే వేస్తున్నా, ముందు పగుళ్ళొస్తాయేమోనని దాని టైల్‌ని మరిగే నీళ్ళలోంచి ఐస్ నీళ్ళలోకి నాలుగుసార్లు ముంచి చూస్తా. ఆకుపచ్చ బయటే, అదీ మూతికి రెండు వేళ్ళ కింద ఆపేస్తా, గరిటె తీసేటప్పుడు ఊట కారేది అక్కడే కదా.

కోన్_టెన్:
ఆ టైల్ వరకు ఆవం అన్న మాటే నెగ్గింది. మీ కిల్న్‌లో విట్నెస్ కోన్ (వేడి సరిపోతే వంగే చిన్న మట్టి కోన్) పూర్తిగా వంగిందా? అది వంగకపోతే గ్లేజ్ తప్పు కాదు, కాల్పు తప్పు.