సాగదీతకు మంచిపేరు ఉందా?

పోస్టు (అనువాదకురాలు):

అందరికీ నమస్కారం. డైలీ సీరియల్స్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఏళ్ల తరబడి నడిచే సీరియల్‌ని జనం అంత ఇష్టంగా ఎందుకు చూస్తారన్నది విషయం. పని బాగానే నడుస్తోంది గానీ ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఇరుక్కుపోయాను. కథ మెల్లగా నడవడం సీరియల్‌కి లోపం కాదు, చూసేవాళ్ల సుఖమంతా అక్కడే ఉందంటాడు వ్యాసకర్త. ఆ మెల్లదనానికి తెలుగులో ఏ మాట పెట్టినా తిట్టయిపోతోంది. సాగదీత, నాన్చుడు, నత్తనడక, జీడిపాకం. అన్నీ విసుక్కునేవాళ్ల మాటలే. ఇష్టంగా చూసేవాళ్ల మాట ఒక్కటీ దొరకలేదు.

మా అమ్మ ఒకే సీరియల్‌ని ఏడెనిమిదేళ్లు చూసింది. ఆవిణ్ణి అడిగితే "అదా, ఏదో కాలక్షేపం" అని కొట్టిపారేసింది. హరికథకైతే కాలక్షేపం అన్నది గౌరవమైన మాటే, సీరియల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సంజాయిషీలా వినిపిస్తుంది. చూసేవాళ్లే సిగ్గుపడుతూ చెప్పే మాట నాకొద్దు.

ఒకటి మాత్రం గమనించాను. సినిమా చూసొచ్చినవాళ్లని "ఎలా ఉంది?" అని అడుగుతాం. సీరియల్ చూసేవాళ్లని ఎవరూ అలా అడగరు. "ఎంతవరకొచ్చింది?" అంటారు. బాగుందా లేదా అన్న ప్రశ్నే రాదు. ఈ తేడాలో ఏదో ఉందనిపిస్తోంది. పెద్దలు సాయం చేయండి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:

అమ్మా, ముందు సాగు అనే క్రియని చూడండి. అందులో తిట్టు ఏమీ లేదు. పని సాగుతోంది, ప్రయాణం సాగింది, మాట సాగింది. ఇవన్నీ మెప్పులే. సాగకపోవడమే కష్టం: "నీ ఆటలు నా దగ్గర సాగవు." రబ్బరూ సాగుతుంది, బండీ సాగుతుంది. పొడుగవడానికీ ముందుకు పోవడానికీ తెలుగువాడు ఒకే మాట వాడుకున్నాడు.

తిట్టంతా 'తీయడం'లో ఉంది. సాగదీయాలంటే అవతలి కొస పట్టుకుని లాగేవాడొకడు కావాలి. కథ తనంతట తాను సాగుతున్నంతసేపూ మనకి వాడు కనపడడు. ఎప్పుడైతే వాడి చెయ్యి కనపడిందో అప్పుడు "సాగదీస్తున్నారు" అంటాం. బహువచనం గమనించారా? కథ అనే ఏకవచనం పోయి, తెర వెనక మనుషులు కర్తలుగా వచ్చేస్తారు. కథ సాగుతోంది, వాళ్లు సాగదీస్తున్నారు. మీరు వెతికే తేడా వ్యాకరణంలోనే ఉంది.

సీరియల్స్ చూడని సభ్యుడు:

మాస్టారూ, మన్నించాలి. తలుపు చప్పుడవుతుంది. ఆవిడ తలుపు వైపు చూస్తుంది. ఈయన ఆవిడ వైపు చూస్తాడు. ఒక్కొక్క ముఖం మీదికీ మూడేసి సార్లు కెమెరా దూసుకొస్తుంది, ఉరుము ఉరుముతుంది, ఆ రోజుకి అయిపోతుంది. మర్నాడు మళ్లీ తలుపు చప్పుడు దగ్గర మొదలు. తీరా తెరిస్తే పక్కింటావిడ! దీనికి వ్యాకరణం దేనికండీ? లాగుతున్నారు, అంతే. అలవాటైపోయి చూస్తున్నారు, దానికి సుఖం అని పేరు పెట్టుకున్నారు.

దర్శనశాస్త్ర విద్యార్థి:

మూడుసార్లు చూపించే ముఖం గురించి మన పాతవాళ్లు ఎప్పుడో వాదించుకున్నారండీ, నవ్వకండి. సీరియల్‌కి మనం ధారావాహిక అంటున్నాం కదా. ఏది సరైన జ్ఞానమో తేల్చే ప్రమాణశాస్త్రంలో 'ధారావాహిక జ్ఞానం' అని ఒకటుంది. కుండని అలాగే చూస్తూ కూర్చుంటే "ఇది కుండ, ఇది కుండ, ఇది కుండ" అని ఒకే జ్ఞానం ధారగా పుడుతూ ఉంటుంది. మొదటిసారి కుండని తెలుసుకున్నాం, సరే. రెండోసారి, మూడోసారి పుట్టింది జ్ఞానమేనా? అది కొత్తగా చెప్పిందేముంది?

అంతకుముందు తెలియనిదాన్ని తెలియజేస్తేనే అది సరైన జ్ఞానం అనే మీమాంసకులకి ఇక్కడ చిక్కొచ్చి పడింది. వాళ్లు చెప్పిన సమాధానం నాకు చాలా ఇష్టం: కుండ పాతదే, క్షణం కొత్తది. రెండో క్షణంలోని కుండ మొదటి క్షణంలోని కుండ కాదు. నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, ఈ తంటా పెట్టుకోలేదు. కొత్తదనం అక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు తెలిస్తే చాలన్నారు.

సీరియల్ ప్రేక్షకుల్లోనూ ఈ రెండు మతాలవాళ్లూ ఉన్నారేమో చూడండి.

సీరియల్స్ చూడని సభ్యుడు:

కుండ కనీసం ఉరమదు.

డైలాగ్ రైటర్:

ఈ ఫీల్డులో కొన్నేళ్లుగా ఉన్నాను కాబట్టి ఒక మాట. లాగే సందర్భాలు ఉంటాయి, కాదనను. ఒక ఆర్టిస్టు వారం రోజులు షూటింగ్‌కి రాలేకపోతే, బ్యాంక్‌లో, అంటే ముందే తీసి పెట్టుకున్న ఎపిసోడ్లు లేకపోతే, రేపటికి ఇరవై నిమిషాలు కావాలి. అప్పుడు తలుపు చప్పుడే దిక్కు. అది మాకూ తెలుసు, చూసేవాళ్లకీ తెలుసు. నిజం చెప్పాలంటే వాళ్లకే ముందు తెలుస్తుంది.

కానీ సీరియల్‌ని నిలబెట్టేది చివర్లో ముఖం మీద బొమ్మ ఆగిపోయే ఆ ఫ్రీజ్ కాదు. పాత వారపత్రికల్లో ఆ వారం భాగం అయిపోయాక అడుగున 'సశేషం' అని వేసేవారు కదా, ఆ మాటలో అసలు కిటుకుంది. స అంటే తో, శేషం అంటే మిగిలింది. మిగిలినదానితో కూడుకున్నది అని. 'ఇంకా ఉంది' అంటే ముందు రాబోయేది ఉందని. సశేషం అంటే మిగుల్చుకున్నది ఉందని. మేం రోజూ చేసే పని ఇదే. ఒక ట్రాక్, అంటే కథలో ఒక పాయ, మూసేసేటప్పుడు పూర్తిగా మూయం. పెళ్లి జరుగుతుంది, పాత ఉత్తరం ఒకటి సొరుగులో ఉండిపోతుంది. గొడవ తీరుతుంది, గొడవలో అన్న ఒక మాట ఉండిపోతుంది. కొత్తగా వచ్చే రైటర్లు చేసే తప్పేమిటంటే, అన్నీ శుభ్రంగా తేల్చేస్తారు. తేల్చేశాక రేపు రాసుకోవడానికేమీ ఉండదు.

అనువాదకురాలు:

శేషం అనగానే ఆ శ్లోకం గుర్తొచ్చింది:

అగ్నిశేషం ఋణశేషం శత్రుశేషం తథైవ చ
పునః పునః ప్రవర్ధేత తస్మాచ్ఛేషం న కారయేత్

పాఠభేదాలున్నాయి, నేను విన్న పాఠం ఇది. నిప్పునీ అప్పునీ శత్రువునీ మిగల్చకు, మిగిలితే మళ్లీ మళ్లీ పెరుగుతాయి అని. బతుకు నడుపుకునేవాడికి చేసిన హెచ్చరిక ఇది. సీరియల్ రాసేవాడికి ఇదే పాఠ్యపుస్తకం, కాకపోతే తలకిందులుగా చదువుకోవాలి. ఆ మూడూ తప్పకుండా మిగల్చు, వాటంతటవే పెరుగుతాయి. ఆరిందనుకున్న కోపం, తీరిందనుకున్న రుణం, ఊరొదిలి పోయాడనుకున్న పగవాడు. ఈ మూడూ లేని సీరియల్ ఉందా?

మాస్టారు ఏకవచనం, బహువచనం అన్నాక మా అమ్మ పక్కన కూర్చుని నిన్న ఒక ఎపిసోడ్ చూశాను. ఒక పెద్దావిడ బట్టలు మడతపెడుతోంది. కోడలు వచ్చి ఏదో చిన్న విషయం అడిగింది. పెద్దావిడ చెయ్యి ఒక నీలం శాలువా మీద ఆగింది. జవాబు చెప్పకుండా దాన్ని అడుగున పెట్టి, పైన వేరే బట్టలు సర్దింది. అంతే సీను. నాకేమీ అర్థం కాలేదు. అమ్మ మాత్రం "అయ్యో" అంది. ఏమిటని అడిగితే, ఆ శాలువా నాలుగేళ్ల కిందట ఇల్లొదిలి వెళ్లిపోయిన కొడుకుదట. మధ్యలో ఒకసారి పారేయబోయి ఆగిపోయిందట. కోడలికి అదేమీ తెలియదు. నాకూ తెలియదు. మా అమ్మకి తెలుసు.

ఆ సీను నాకు సాగదీత. అమ్మకి కాదు. తెర మీద ఉన్నది ఇద్దరికీ ఒకటే, శేషం ఆవిడ దగ్గరుంది. సినిమా అయితే ఆ శాలువా గురించి రెండు గంటల్లోనే నాకు చెప్పి, ఏడిపించి పంపించేయాలి. సీరియల్ నాలుగేళ్లు తీసుకుని, ఆ తర్వాత ఒక్క చెయ్యి ఆగడంతో పని కానిచ్చేసింది. దీన్ని మెల్లదనం అనాలా, వేగం అనాలా?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:

బాగా చెప్పారమ్మా. ఇంకొకటి కలుపుకోండి. విశేషం కూడా శేషం ఇంటి మాటే. సంస్కృతంలో రెండూ ఒకే ధాతువులోంచి వచ్చాయి. తెలిసినవాళ్లు కనపడగానే "ఏమిటి విశేషాలు?" అంటాం. ముక్కూ మొహం తెలియనివాణ్ణి అలా అడగం. వాడి సంగతులు మన దగ్గర ఏమీ మిగిలి లేవు కాబట్టి, కొత్త సంగతి చెప్పినా అది మనకి విశేషం కాదు. మీ "ఎంతవరకొచ్చింది?" కూడా ఆ జాతి ప్రశ్నే. కథ బాగోగులు అడగడం కాదది, తెలిసినవాళ్ల క్షేమం కనుక్కోవడం.

బ్రిటన్‌లో 'కోరోనేషన్ స్ట్రీట్' 1960 డిసెంబరు 9న మొదలైంది. విలియం రోచ్ అనే నటుడు మొదటి ఎపిసోడ్‌లో కాలేజీ కుర్రాడిగా వచ్చి, 60 ఏళ్లు దాటినా అదే పాత్రలో ఉన్నారు. చూసేవాళ్లు పాత్రతోపాటే ముసలివాళ్లయ్యారు. అటువంటి మనిషి తెర మీద కుర్చీలోంచి లేవడానికి కాస్త ఇబ్బంది పడితే దానికి డైలాగ్ ఎందుకు?

సీరియల్స్ చూడని సభ్యుడు:

శాలువా సంగతి ఒప్పుకుంటాను, అది బాగుంది. కానీ ఆ ఒక్క శాలువా కోసం నాలుగేళ్లు ఉరుములు భరించాలా? పైగా ఈ సరుకు పుట్టిందే సబ్బులు అమ్ముకోవడానికి. 1930లలో అమెరికా రేడియోలో పగటిపూట వచ్చే నాటకాలకి సబ్బు కంపెనీలు డబ్బు పెట్టాయి, అందుకే సోప్ ఒపేరా అన్నారు. రోజూ రేడియో దగ్గర కూర్చోబెట్టాలి, రోజూ సబ్బు పేరు వినిపించాలి. మీ సశేషం వెనకున్నది సబ్బు.

డైలాగ్ రైటర్:

సబ్బు సంగతి నిజమే అన్నా. అయితే ఆ రేడియో రోజుల్లో 1937లో మొదలైన 'గైడింగ్ లైట్' 1952లో టీవీకి మారి, 2009 దాకా నడిచింది. 72 ఏళ్లు. సబ్బు కొనిపించడానికి మొదలుపెట్టి ఉండొచ్చు, సబ్బు కోసమే అన్నేళ్లు ఎవరూ చూడరు.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది మీరన్న ఉరుముల గురించే. అమెరికా టీవీ సీరియల్ 'డాలస్'లో 1980 మార్చిలో ముఖ్య పాత్రని ఎవరో కాల్చారు. కాల్చిందెవరో నవంబరులో గానీ చెప్పలేదు. ఎనిమిది నెలలు! నటుల సమ్మె కూడా కలిసొచ్చింది. అంత సాగినా జనం విసుక్కోలేదు, టెన్షన్‌తో ఎదురు చూశారు. అదే సీరియల్లో ఓ పాత్ర చచ్చిపోయి, ఏడాది తర్వాత 1986లో స్నానాల గదిలోంచి బయటికొచ్చాడు. మధ్యలో ఏడాదిపాటు చూపించిందంతా ఒకావిడ కల అన్నారు. దానికి మాత్రం ఈసడించుకున్నారు, ఇప్పటికీ వెటకారంగా చెప్పుకుంటారు. నా లెక్క ఇదీ: ఎనిమిది నెలలు ఆపితే ప్రేక్షకుడు ఓర్చుకుంటాడు, ఎందుకంటే మిగిలింది మిగిలే ఉంది. ఏడాదిగా దాచుకున్నది కల అని కొట్టేస్తే ఓర్చుకోడు. అతని ఖాతాలోంచి దొంగిలించినట్టు.

లీప్ పెట్టేటప్పుడు మేం భయపడేదీ అందుకే. అయిదేళ్లు గడిచాయని ఒక కార్డు వేసేస్తాం, పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. ఆ అయిదేళ్లూ ప్రేక్షకుడు అక్కడ లేడు. మళ్లీ పరిచయం కావడానికి నెల పడుతుంది.

దర్శనశాస్త్ర విద్యార్థి:

అంటే నైయాయికులూ మీమాంసకులూ ఇద్దరూ పూర్తిగా గెలవలేదు. ఒకే ముఖాన్ని రెండోసారి చూపిస్తే కొత్తదనం క్షణంలోనూ లేదు, ముఖంలోనూ లేదు. చూసేవాడి దగ్గర పోగైనదానిలో ఉంది. పోగైంది ఏమీ లేకపోతే మూడు జూమ్‌లూ కుండ, కుండ, కుండ.

సీరియల్స్ చూడని సభ్యుడు:

ఇప్పుడు దారికొచ్చారు. నా దగ్గర పోగైంది ఏమీ లేదు కాబట్టి నాకు అన్నీ కుండలే.

కొత్త సభ్యురాలు:

నమస్కారం అండీ, ఈ గ్రూపులో మొదటిసారి రాస్తున్నాను. తప్పుంటే చెప్పండి. అక్క మొదట అడిగిన మాట అలాగే ఉండిపోయింది కదా. మెల్లదనానికి తిట్టు కాని మాట. 'సావకాశంగా' పనికిరాదా? "హడావిడేమీ లేదు, సావకాశంగా మాట్లాడుకుందాం" అంటాం. మనకి కావలసినవాళ్లతోనే అలా అంటాం. పైగా అది కూడా సశేషంలాంటి కట్టే అనుకుంటాను, స అవకాశం. చోటు ఉన్నది అని.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:

తప్పేమీ లేదమ్మా, కట్టు సరిగ్గా అదే. అవకాశం అంటే మనం ఇవాళ ఛాన్స్ అనే అర్థంలో వాడుతున్నాం గానీ, మొదటి అర్థం చోటు, ఖాళీ. సావకాశంగా నడిచే కథలో మనిషి కూర్చోవడానికి చోటుంటుంది. నింపాదిగా, తీరిగ్గా అన్న మాటలూ ఉన్నాయి, కానీ అవి నడిచేవాడి తీరు చెబుతాయి. సావకాశం రెండోవాడికి కూడా చోటిస్తుంది. నాకు తట్టలేదు, చూశారా.

అనువాదకురాలు:

మాట దొరికింది చెల్లీ, చాలా థాంక్స్. మూడు రోజులుగా కొట్టేస్తూ రాస్తూ ఉన్న వాక్యం ఇప్పుడు ఇలా కుదిరింది: "సీరియల్ సావకాశంగా సాగుతుంది, చూసేవాళ్లు అందులో తాము దాచుకున్నదాన్ని మళ్లీ మళ్లీ చూసుకుంటారు." రెండో సగం మూలంలో ఉన్నదానికంటే కాస్త ఎక్కువైంది, తగ్గించాలి. డైలాగ్ రైటర్ గారూ, అన్నట్టు అమ్మ అడగమంది: ఆ శాలువా కొడుకు తిరిగొస్తాడా?

డైలాగ్ రైటర్:

ఆ సీరియల్ నాది కాదండీ. నాదే అయినా చెప్పను. కానీ చెయ్యి ఆపించారంటే ఆర్టిస్టు డేట్స్ దొరికే ఉంటాయి.