ఈ వారం సమస్య: “చచ్చినవాఁడే వధించెఁ జచ్చినవానిన్”

నిర్వాహకుడు:

కందంలో ఆఖరి పాదం ఇచ్చాను. తక్కిన మూడూ మీవి. ఈసారి ఒక షరతు ఉంది. అభిమన్యుడు, జరాసంధుడు, సంజీవనీ విద్య అంటూ పురాణాల్లోకి పారిపోవడం కుదరదు. విషయం 1994 ఆగస్టు 29న షికాగోలో జరిగిన సమ్మర్‌స్లామ్, అంటే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) వాళ్ళ కుస్తీ ప్రదర్శన. అది జరిగిన స్టేడియం యునైటెడ్ సెంటర్‌ని అప్పుడే కట్టారు, అందులో మొదటి కార్యక్రమం ఇదే. కొత్తింట్లో పాలు పొంగించాల్సిన చోట శవపేటిక పెట్టారన్నమాట.

చూడనివాళ్ళ కోసం కథ చెబుతాను. అండర్‌టేకర్ అనే ఆయన వేషమే చచ్చినవాడి వేషం. నల్ల టోపీ, నల్ల కోటు, కొడితే పడతాడు, మళ్ళీ నడుం దగ్గర మడత పెట్టినట్టు లేచి కూర్చుంటాడు. పక్కన ముఖానికి సున్నం కొట్టినట్టుండే మేనేజరు పాల్ బేరర్, ఆయన చేతిలో అస్థికల చెంబు. 1994 జనవరిలో రాయల్ రంబుల్ అనే ఇంకో ప్రదర్శనలో యొకొజునా అనే భారీ కుస్తీవాడితో శవపేటిక కుస్తీ పెట్టారు, ఎదుటివాణ్ణి పెట్టెలో పెట్టి మూత వేస్తే గెలుపు. ఒక్కడి వల్ల కాక, పదిమంది వచ్చి కొట్టి పెట్టెలో పెట్టి మూత వేశారు. ఆ తర్వాత అండర్‌టేకర్ తెర మీద కనిపించి, ఉపన్యాసం ఇచ్చి, పైకి తేలిపోయాడు. చచ్చినవాడు చచ్చాడు. అసలు సంగతేమిటంటే ఆయనకి నడుంనొప్పి, సెలవు కావాలి. మనం సెలవుచీటీ రాస్తాం, వాళ్ళు స్వర్గారోహణం చేయిస్తారు.

కొన్నాళ్ళకి కోటీశ్వరుడి వేషగాడు టెడ్ డిబియాసి “నా డబ్బుతో తిరిగి తెచ్చాను” అంటూ అండర్‌టేకర్‌ని పట్టుకొచ్చాడు. వాడు నకిలీ. లోపల ఉన్నది బ్రయన్ లీ అనే ఇంకో కుస్తీవాడు. సమ్మర్‌స్లామ్‌లో ఆఖరి పోటీ అసలుకీ నకిలీకీ.

నిన్న రాత్రి మళ్ళీ మొత్తం చూశాను. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి కళ్ళు పైకి తిప్పుతారు. ఒకడు గొంతు పట్టుకుంటే రెండోవాడూ గొంతు పట్టుకుంటాడు. అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నట్టు ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, ఇద్దరికీ నొప్పి తెలియదు. నొప్పి తెలియని ఇద్దరు కొట్టుకుంటే చూసేవాడికి మిగిలేది ఆవలింత. తొమ్మిది నిమిషాలు కూడా లేదు, అయినా పెళ్ళిలో రెండో బంతి కోసం ఎదురుచూసినట్టు గడిచింది. కామెంటరీలో విన్స్ మెక్‌మాన్ మాత్రం గొంతు చించుకుంటూనే ఉన్నాడు.

సరే, కానివ్వండి.

ట్రంప్‌కార్డు:

వచ్చెను నకిలీ యొక్కఁడు
తెచ్చెను డిబియాసి వాని దివ్వెల నడుమన్
రచ్చన ముమ్మారెత్తిన
చచ్చినవాఁడే వధించెఁ జచ్చినవానిన్.

చిన్నప్పుడు కుస్తీవాళ్ళ బొమ్మల కార్డులాటలో అండర్‌టేకర్ కార్డు వస్తే ఎత్తు మీద పందెం కాసి “హైట్” అని అరిచేవాణ్ణి. ఆ రుణం ఇలా తీర్చుకున్నాను గురువుగారూ.

నిర్వాహకుడు:

గణాలు బాగున్నాయి. తె-ది యతి సరిపోయింది. “ముమ్మారెత్తిన” మంచి పదం, నకిలీవాడి మీద అసలువాడు వేసిన మూడు టూంబ్‌స్టోన్‌లూ అందులో ఇమిడాయి. చూడనివాళ్ళకి: మనిషిని తలకిందులుగా ఎత్తి, నెత్తి నేలకి తగిలేలా మోకాళ్ళ మీద కూలబడటం. అండర్‌టేకర్ సొంత పట్టు అది.

కానీ నాయనా, రెండో చచ్చినవాడు ఎప్పుడు చచ్చాడు? అసలువాడు జనవరిలో పోయాడు, ఒప్పుకున్నాం. నకిలీవాడు డిబియాసి జీతం తీసుకుంటూ నిక్షేపంలా ఉన్నాడు. మొదటి పాదంలో “నకిలీ” అన్నావు గానీ దేనికి నకిలీయో చెప్పలేదు. సమస్యలో ఉన్న రెండు చావులకీ పద్యంలో లెక్క చెప్పాలి. సగమే చెప్పావు.

చాదస్తం:

లెక్క దేనికండీ, ప్రేక్షకుల్లో పోయినవాళ్ళని కలుపుకుంటే సరిపోతుంది.

నాలుగో బెంచీ:

మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే తిట్టకండి.

వచ్చెను శవపేటికతో
మెచ్చిరి జనులంద రచట మేళము తోడన్
చిత్తుగ నెత్తిన గుద్దెను
చచ్చినవాఁడే వధించెఁ జచ్చినవానిన్.

చాదస్తం:

బాబూ, మూడో పాదంలో ప్రాస పోయింది. మిగతావాటిలో రెండో అక్షరం “చ్చ”, నీది “త్త”. యతి తప్పినా చూసీ చూడనట్టు ఊరుకుంటానేమో గానీ కందంలో ప్రాస తప్పితే నాకు రాత్రి నిద్ర పట్టదు. ఇలా మార్చు:

పచ్చడిగా నెత్తిఁ జితిపి

నాలుగో బెంచీ:

అబ్బ! పచ్చడి అని నాకెందుకు తట్టలేదు! ఇంట్లో రోజూ అదే తింటున్నాను.

నిర్వాహకుడు:

సవరణ బాగుంది. మొదటి ప్రయత్నంలోనే “జనులం, దరచట” అని ఆరో గణంలో నలం (నాలుగు లఘువులు) కుదిరింది, అది చిన్న విషయం కాదు. ఇంకో మాట. పేటికతో పాటు మేళం కూడా పెట్టి జనం మెచ్చారన్నావు. మెచ్చలేదు బాబూ. ఆ రోజు హాలు హాలంతా ఎందుకొచ్చామా అన్నట్టు కూర్చుంది. అంతకుముందు అదే రింగులో బ్రెట్ హార్ట్, ఓవెన్ హార్ట్ అన్నదమ్ములిద్దరూ ఇనుప పంజరంలో అరగంట పైగా కుస్తీ పట్టారు. పంజరం గోడెక్కి ఒకడు బయటపడబోతుంటే రెండోవాడు కాలు పట్టి లాగడం, మళ్ళీ ఎక్కడం, మళ్ళీ లాగడం. అది చూశాక ఈ మసి బొమ్మలాట ఎవడికి ఆనుతుంది? విందు భోజనం అయ్యాక గంజి పోశారు.

కమలాఫలం:

షరతు మీరానంటారేమో, ఉపమానం వరకే వాడుకున్నాను.

పిచ్చి ముదిరి పౌండ్రకుఁడై
యచ్చపు వేషమున నొకఁడు హద్దులు మీరన్
మెచ్చఁగ నూదా తొడుగుల
చచ్చినవాఁడే వధించెఁ జచ్చినవానిన్.

నిర్వాహకుడు:

ఆహా! శంఖం, చక్రం తగిలించుకుని “నేనే వాసుదేవుణ్ణి” అన్న పౌండ్రకుడు ఇక్కడ అచ్చు గుద్దినట్టు సరిపోయాడు. ట్రంప్‌కార్డు వదిలేసిన లెక్క కూడా తేలింది. “వేషమున” అనడంతో రెండోవాడు చచ్చినవాడి వేషం వేసినవాడని తెలిసింది. అక్కా, మీకు షరతు వర్తించదు.

ఊదా తొడుగులు ఎందుకో చెప్పండి, అందరికీ తెలియకపోవచ్చు.

కమలాఫలం:

అసలువాడు పాతరోజుల్లో బూడిదరంగు చేతితొడుగులు వేసుకునేవాడు. నకిలీవాడు అవే రంగువి వేసుకొచ్చాడు. తిరిగొచ్చిన అసలువాడు ఊదారంగుకి మారాడు. లేకపోతే ఎవడెవడో తెలియదు కదా. వాలి సుగ్రీవులు ఒక్కలా ఉంటే, సుగ్రీవుడి మెడలో గజపుష్పి తీగ వేయించాడే రాముడు, అదే ఏర్పాటు.

ట్రంప్‌కార్డు:

నిజం చెప్పాలంటే తొడుగులు అక్కర్లేదక్కా. పక్కపక్కన నిలబెడితే నకిలీవాడు పొట్టి. కార్డులాట ఆడినవాడికి ఆ మాత్రం తెలియదా!

చాదస్తం:

పద్యం బాగుంది. “మెచ్చఁగ” ఒక్కటే అబద్ధం, ఇందాకే అనుకున్నాం. “మెచ్చని సభలో నిలిచిన” అంటే నిజమూ ఉంటుంది, ప్రాసా ఉంటుంది.

కమలాఫలం:

అప్పుడు తొడుగులు పోతాయి. అబద్ధం పోతే పోనీ గానీ తొడుగులు ఉండాలి.

నిర్వాహకుడు:

ఉండనివ్వండి. కుస్తీయే అబద్ధమైనప్పుడు పద్యంలో ఒక్క మాట ఎంత. నా పూరణ కూడా ఒకటి పడేస్తాను, కొట్టండి.

నొచ్చిన వెన్నుకు సెలవని
పుచ్చిరి పదుగురు జనవరిఁ బొమ్మని పెట్టెన్
వచ్చి యెనిమిదవ నెలలో
చచ్చినవాఁడే వధించెఁ జచ్చినవానిన్.

చాదస్తం:

“పుచ్చిరి” అంటే పంపిరి అనే అర్థంలో వాడారు, తప్పు లేదు. కానీ ఈ రోజుల్లో చదివేవాడికి పుచ్చు వంకాయే గుర్తొస్తుంది.

కమలాఫలం:

ఎనిమిదో నెలలో రావడమేమిటండీ, పురిటికా? పైగా మీరు ట్రంప్‌కార్డుని అడిగిన ప్రశ్నే మీకూ. రెండో శవం ఎక్కడ?

నిర్వాహకుడు:

దొరికిపోయాను. ఒప్పుకుంటున్నాను. మొదటి చావు గురించి మూడు పాదాలు ఖర్చు పెట్టి రెండోదానికి చోటు లేకుండా చేసుకున్నాను.

వరండా కుర్చీ:

మీరంతా షికాగో వెళ్ళారు, నేను మా ఇంటి వరండాలోనే ఉండిపోయాను. కేబుల్ వచ్చిన కొత్తలో మా టీవీలో కుస్తీ పెడితే తెర మీద సగం మనుషులు, సగం చుక్కలు. మా బామ్మ రోలు దగ్గర నుంచి తొంగి చూసేది.

పచ్చడి నూరుచు బామ్మయె
విచ్చిన కన్నులఁ దెరఁ గని వెటకారమునన్
హెచ్చిన గొంతునఁ బలికెను
“చచ్చినవాఁడే వధించెఁ జచ్చినవానిన్!”

ట్రంప్‌కార్డు:

చచ్చినోడా! అయ్యో, ఇది తిట్టు కదా! మా నాయనమ్మ రోజుకి ఇరవైసార్లు అనేది, అందులో పద్దెనిమిది నాకే.

నిర్వాహకుడు:

ఇదీ పూరణంటే. మేమందరం శవాలు లెక్కపెడుతూ కూర్చున్నాం. బామ్మ ఒక్క తిట్టుతో ఇద్దర్నీ చంపేసింది. ఇంగ్లీషు కామెంటరీ ఒక్క ముక్క తెలియకుండా ఆ పోటీకి రివ్యూ కూడా చెప్పేసింది. విరుపు సహజంగా ఉంది, వి-వె యతి హాయిగా ఉంది.

చాదస్తం:

రెండు చిన్న గిల్లుళ్ళు. “బామ్మయె”లో “యె” గణం నింపడానికి పెట్టిందే, దానికి వేరే పని లేదు. రెండోది, ఏ బామ్మా “వధించె” అనదు, “సంపేశాడు” అంటుంది. కానీ ఆ తప్పు సమస్య ఇచ్చినవారిది.

నిర్వాహకుడు:

అది కూడా నా నెత్తినే. కానివ్వండి.

వరండా కుర్చీ:

బామ్మకి ఇంకో అనుమానం ఉండేది. అదే షోలో లెస్లీ నీల్సన్, జార్జ్ కెనడీ అనే ఇద్దరు హాలీవుడ్ నటులు డిటెక్టివుల్లా అండర్‌టేకర్‌ని వెతుకుతుంటారు కదా. “ఆరడుగుల పైన పొడుగున్నోణ్ణి వెతకడానికి ఇద్దరెందుకురా, తలెత్తి చూస్తే సరిపోదా” అనేది.

పాత క్యాసెట్:

ఆలస్యమైంది, క్షమించండి. ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ ఓడిపోయిన బ్రయన్ లీ మనకి బాగా తెలిసినవాడే. 1996లో వచ్చిన అక్షయ్ కుమార్ హిందీ సినిమాలో అండర్‌టేకర్‌గా కనిపించింది అతనే. అసలువాడనుకుని మా హాలంతా ఈలలు వేశాం. పాతికేళ్ళ తర్వాత అక్షయ్ కుమారే చెబితే గానీ చాలామందికి తెలియలేదు.

అచ్చట నోడిన నకిలీ
యిచ్చట హిందీ తెరపయి నెత్తెను జన్మన్
హెచ్చరిక! వినుఁడు! మునుపే
చచ్చినవాఁడే వధించెఁ జచ్చినవానిన్.

ట్రంప్‌కార్డు:

అంటే హీరో కొట్టింది ఆల్రెడీ షికాగోలో పోయినవాణ్ణా! నా బాల్యం మొత్తం ఇవాళ శవపేటికలోకి పోయింది.

నిర్వాహకుడు:

“ఎత్తెను జన్మన్” అన్నచోట ఆగి నవ్వాను. మూడో పాదంలో రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టి దండోరా వేయించడం కూడా బాగుంది. చాదస్తం గారూ, ఏమైనా ఉందా?

చాదస్తం:

వెతుకుతున్నాను.

నిర్వాహకుడు:

అయితే ఈ వారం మొదటి మార్కు వరండా కుర్చీకి, అంటే బామ్మకి. పాత క్యాసెట్‌ది వెనకాలే. నాలుగో బెంచీ వచ్చేవారం తప్పకుండా రావాలి, ప్రాస పట్టుకుని మరీ. బ్రెట్, ఓవెన్‌ల మీద ఒక్క పద్యమూ రాలేదు చూశారా? బాగా జరిగినదాన్ని ఎవరు ఎగతాళి చేస్తారు.

వచ్చేవారం కందం కాదు, ఆటవెలది. నాలుగో పాదం ఇది:

“వాఁడు వాఁడు గాఁడు వాఁడె వాఁడు”

విషయం యొకొజునా. జపాన్ సుమో వీరుడని చెప్పి రింగులో ఉప్పు చల్లించారు. మనిషి చూస్తే సమోవా కుటుంబంవాడు, పుట్టింది శాన్‌ఫ్రాన్సిస్కోలో.

నాలుగో బెంచీ:

గురువుగారూ, ఆటవెలదికి ప్రాస అక్కర్లేదు కదా?

చాదస్తం:

అక్కర్లేదు. హాయిగా పడుకో.