లడ్డూగాడి కిడ్నీలు, నెలాఖరు బిల్లులు

లడ్డూ వాళ్ళమ్మ, ఉప్పల్:
మా లాబ్రడార్ లడ్డూకి పదకొండేళ్లు. మార్చిలో అన్నం ముట్టడం మానేసి బకెట్లకు బకెట్లు నీళ్లు తాగడం మొదలెట్టాడు. రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది) 4.1, బాగా ఎక్కువ. అప్పట్నుంచి రోజు విడిచి రోజు సెలైన్. ఒక్కోసారికి 900, ఆటో వేరే (కుక్కని చూడగానే సగం మంది ఆటోవాళ్లు మాయం). నెలకి పదహారు వేలు దాటుతోంది. మా అత్తయ్య నోటితో ఏమీ అనరు, బిల్లు చూసి కళ్లజోడు సవరించుకుంటారంతే. ఖర్చు తగ్గే దారి ఉందా?

టామీ నాన్న:
చర్మం కింద ఎక్కించే సెలైనే అయితే ఇంట్లో పెట్టుకోవచ్చమ్మా. డాక్టరుగారితో మోతాదు రాయించుకుని, సూది గుచ్చడం నేర్పమనండి. రింగర్ లాక్టేట్ (ఇలా ఎక్కించే ఒక రకం సెలైన్) సీసా నాకు డెబ్బై రూపాయలు పడేది. భుజాల మధ్య చర్మం గుడారంలా పైకెత్తి గుచ్చాలి. మొదటిరోజు చేతులు వణికింది నాకే, టామీ హాయిగా కునుకు తీశాడు.

అత్తాపూర్ అక్క:
రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పొద్దున్నే వెళ్లండి. ప్రైవేటు కన్నా బాగా తక్కువవుతుంది. తిండిలో ఎముకలు, లివర్ ఆపేయండి, వాటిలో ఫాస్ఫరస్ ఎక్కువ, పాడైన కిడ్నీలకి భారం. నొప్పి అని బ్రూఫెన్ మాత్రం వేయకండి, ఉన్న కిడ్నీలూ పోతాయి.

లడ్డూ వాళ్ళమ్మ:
నిన్న నేనే ఎక్కించాను అన్నా. రెండుసార్లు సూది జారి నా చీర తడిసింది. సీసా పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నారు? అత్తయ్యే.